ఫ్లాటు ధర వేరు, తాళంచెవి ధర వేరు



పోయిన నెల ఒక ఆదివారం పొద్దున భివండి నుంచి మన సభ్యుడొకడు యూనియన్ ఆఫీసుకు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా సాంచాల మీద పనిచేస్తున్న మనిషి. భార్య ఇంట్లోనే కండెలు చుడుతుంది. ఇద్దరు పిల్లలు. కల్యాణ్ వైపు కడుతున్న ఒక బిల్డింగులో ఫ్లాటు బుక్ చేశాడని అప్పటికే విన్నాను గనుక మిఠాయి డబ్బా తెస్తాడనుకున్నాను. చేతిలో ఒక కాగితం తెచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, ఫ్లాటు ముప్పై లక్షలన్నరు. బ్యాంకు ఇరవై నాలుగు ఇస్తనన్నది. మిగిలిన ఆరు నేను జమ చేసుకున్న. ఊళ్లె నా పాలు భూమి అమ్మిన, భిశీ ఎత్తిన, ఆమె మెడల గొలుసు కుదువబెట్టిన. లెక్క సరిపోయిందనుకున్న. ఇప్పుడు ఇంకో ఆరు లక్షల ఇరవై వేలు కావాలంటున్నరు. ఇది మోసమా, న్యాయమా, జర చూసి చెప్పు" అన్నాడు.

కాగితం చూశాను. అందులో న్యాయమూ ఉంది, మోసమూ ఉంది. రెండూ ఒకే కాగితం మీద, ఒకే సైజు అక్షరాలలో అచ్చయి ఉన్నాయి. ఏది ఏదో తెలియక మనవాడు రెండింటికీ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవడానికి సిద్ధమయ్యాడు. ఆ కాగితాన్ని అందరి ముందూ విప్పి చూపించాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

యూనియన్‌కు దీనితో ఏం పని?

కొందరు సోదరులు అడుగుతారు: కూలి, బోనసు, పి.ఎఫ్. గురించి మాట్లాడవలసిన యూనియన్ ఫ్లాట్ల సంగతి ఎందుకు ఎత్తుతోందని. దానికి నా జవాబు ఒకటే. చట్టంలో ఉన్న కనీస బోనసు 8.33 శాతం. ఆ కాస్త కోసం మనం ఎన్ని గేట్ల ముందు, ఎన్ని దీపావళి పండుగలకు ముందు నిలబడ్డామో మీకు తెలుసు. ఫ్లాటు కొనే రోజున స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి నూటికి ఏడెనిమిది రూపాయలు ఒక్క సంతకంతో పోతాయి. బోనసు ఏడాది కూలి మీద లెక్క. ఇది ఇంటి మొత్తం ధర మీద లెక్క. గేటు దగ్గర గెలిచింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర, బిల్డర్ ఆఫీసు దగ్గర తెలియక పోగొట్టుకుంటే మన పోరాటానికి అర్థమేముంది?

మన తండ్రులకు ఈ చిక్కు లేదు. ఫ్లాటు కొనే స్తోమతే లేదు గనుక. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ నుంచి వచ్చి, చాలులో పది పన్నెండు అడుగుల ఖోలీలో షిఫ్టుకు ఒకరు చొప్పున పడుకున్నారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. మిల్లు భూముల్లో కార్మికుల ఇళ్లకు వాటా ఇవ్వాలన్న నిబంధన 1991లో వచ్చింది. 2001లో దాన్ని సవరించి ఖాళీ స్థలానికే పరిమితం చేసి, ఆ వాటాను చిన్నది చేశారు. చివరకు 2012, 2016, 2020లలో మ్హాడా లాటరీల ద్వారా కొన్ని వేలమందికి ఇళ్లు దక్కాయి. లక్షమందికి పైగా దరఖాస్తుదారులు మిగిలిపోయారు. సోలాపూర్‌లో బీడీ కార్మిక స్త్రీల కోసం, ఆ తర్వాత రాయనగర్‌లో అసంఘటిత కార్మికుల కోసం పోరాడి కట్టించిన ఇళ్లు మనకు గర్వకారణం. రాయనగర్‌లో మొదటి 15,000 ఇళ్లు 2024 జనవరిలో అప్పగించారు. కాని అటువంటి ఇల్లు దక్కనివారు బిల్డర్ దగ్గరికే పోవాలి. మన ఇళ్లలో ఫ్లాటు కొంటున్న మొదటి తరం ఇదే. చెప్పడానికి ఇంట్లో తెలిసిన పెద్దలు లేరు.

సర్కారు తీసుకునేది

ఇక మనవాడి కాగితం చూద్దాం. మొదటి వరస సర్కారుది.

స్టాంపు డ్యూటీ ముంబయి నగరంలో 6 శాతం, ఠాణే, పుణె వంటి చోట్ల మెట్రో సెస్సు, స్థానిక సంస్థ పన్ను కలుపుకుని 7 శాతం. మీరు కొనే చోట ఎంతో అక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే కనుక్కోండి, ఏజెంటు మాట నమ్మవద్దు. ముప్పై లక్షల మీద 7 శాతం అంటే 2,10,000 రూపాయలు. రిజిస్ట్రేషన్ ఫీజు నూటికి ఒకటి, 30,000కు మించదు. మనవాడికి సరిగ్గా 30,000. కడుతున్న ఫ్లాటుకు జి.ఎస్.టి. ఉంటుంది. ధర 45 లక్షల లోపు, ముంబయి ప్రాంతంలో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల లోపు అయితే 1 శాతం, లేకపోతే 5 శాతం. మనవాడికి 1 శాతం లెక్కన 30,000. ఈ మూడూ కలిపి 2,70,000. ఇది ఖజానాకు పోయేది, తప్పించుకునేది కాదు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే తయారు ఫ్లాటుకు జి.ఎస్.టి. లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వవద్దు. రెండోది, స్టాంపు డ్యూటీ కట్టేది మీరు రాసుకున్న ధర మీదనో, సర్కారు రెడీ రెకనర్ ధర మీదనో, రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద. "కొంత నగదు ఇవ్వండి, కాగితం మీద తక్కువ రాద్దాం, డ్యూటీ మిగులుతుంది" అనేవాళ్లు ఉంటారు. రెడీ రెకనర్ కంటే కింద రాసినా డ్యూటీ మిగలదు. నగదుగా ఇచ్చినదానికి రసీదు ఉండదు. రేపు బిల్డింగు ఆగిపోతే కాగితం మీద ఉన్నదే మీ సొమ్ము, మిగిలింది గాలికి పోయినట్టే.

ఇంకో ముఖ్యమైన మాట. మహారాష్ట్రలో ఇల్లు స్త్రీ పేరు మీద కొంటే స్టాంపు డ్యూటీలో ఒక శాతం తగ్గుతుంది. 2021 ఏప్రిల్ నుంచి ఈ రాయితీ ఉంది. ఆ ఇంటిని 15 ఏళ్ల దాకా పురుషుడికి అమ్మకూడదన్న షరతు మొదట ఉండేది, 2023లో దాన్ని ఎత్తేశారు. కొనుగోలుదారుగా స్త్రీ పేరు మాత్రమే ఉండాలి, భర్త పేరు కూడా కలిపితే రాయితీ రాదు. లోనులో భర్త తోటి అప్పుదారుగా ఉండవచ్చు. మనవాడితో ఈ మాట అంటే కాస్త తటపటాయించాడు. "ఆమె పేరు మీదనా?" అన్నాడు. "ఇరవై ఏళ్లు కండెలు చుట్టింది ఎవరు? గొలుసు కుదువబెట్టింది ఎవరు?" అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు. అక్కడ 30,000 మిగిలింది. ఆ ముప్పై వేలు లేకపోయినా ఇల్లు ఆమె పేరు మీద ఉండటమే ధర్మమని నా అభిప్రాయం. తాగుడుకో, జామీను సంతకానికో పోయిన ఇళ్లు మన పేటల్లో తక్కువేం కావు.

బ్యాంకు తీసుకునేది

రెండో వరస బ్యాంకుది. ప్రాసెసింగు ఫీజు, వకీలు ఫీజు, వాల్యుయేషన్ ఫీజు కలిపి 15,000. దాని కింద బీమా ప్రీమియం అని 60,000.

లోను తీసుకుంటే బ్యాంకు చూపించిన బీమానే కొనాలని ఏ చట్టంలోనూ లేదు. ఒకేసారి అరవై వేలు కట్టించుకునే ఆ పాలసీని మేము అడిగితే "ఐచ్ఛికమే" అన్నారు. అడగకపోతే తప్పనిసరి, అడిగితే ఐచ్ఛికం! నేను బీమా వద్దనడం లేదు. సంపాదించే మనిషి పోతే కిస్తీ ఎవరు కట్టాలి? కాని ఏటేటా కట్టుకునే టర్మ్ పాలసీ మీరే నాలుగు చోట్ల అడిగి తీసుకోవచ్చు. ఇంకొకటి: మారే వడ్డీ రేటు మీద తీసుకున్న ఇంటి లోనును ముందుగా తీర్చితే జరిమానా లేదు. బోనసు వచ్చినప్పుడు అయిదో పదో వేలు అసలులో వేస్తూ ఉండండి.

మనవాళ్లందరూ పొరబడే చోటు ఇదే. బ్యాంకు ఇంటి ధరలో ఇంత శాతం ఇస్తానంటుంది. ఆ ధరలో స్టాంపు డ్యూటీని, రిజిస్ట్రేషన్‌ను కలపదు. రిజర్వు బ్యాంకు నిబంధన అది. 2015లో ఒక వెసులుబాటు ఇచ్చారు: ఇంటి ధర 10 లక్షలు దాటకపోతే ఆ ఖర్చులు కలుపుకోవచ్చునని. ముంబయి చుట్టుపక్కల పది లక్షలకు సక్రమమైన ఫ్లాటు ఎక్కడ దొరుకుతుందో ఆ నిబంధన రాసినవారే చూపించాలి. అంటే ఈ ఖర్చు మొత్తం నగదుగా మన చేతి నుంచే పోవాలి. ఉన్నవాడు బ్యాంకు ఖాతాలోంచి తీసి కడతాడు. లేనివాడు వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కుతాడు. బ్యాంకు అప్పుకు ఏడాదికి ఎంత వడ్డో వ్యాపారి అంతకు నాలుగింతలు తీసుకుంటాడు.

బిల్డర్ తీసుకునేది

మూడో వరస బిల్డర్‌ది. మనవాడి కాగితంలో ఇలా ఉంది: సొసైటీ ఏర్పాటుకు, వకీలు ఖర్చుకు 25,000. రెండేళ్ల మెయింటెనెన్సు ముందుగా 60,000. కరెంటు, నీళ్ల కనెక్షనుకు 40,000. డెవలప్‌మెంట్ చార్జి 50,000. పార్కింగు 1,00,000. మొత్తం 2,75,000.

మొదటి మూడూ సాధారణంగా ఉండేవే. అయితే వాటికి లెక్క ఉండాలి. రెరా చట్టం కింద మహారాష్ట్ర ఇచ్చిన నమూనా ఒప్పందంలో ఇటువంటి మొత్తాలకు ఖాళీలు ఉంటాయి. ఏది ఎంతో ఒప్పందంలోనే అంకెలతో రాయించుకోవాలి. మెయింటెనెన్సుకు ముందుగా తీసుకున్నదానిలో ఖర్చు పోను మిగిలినది సొసైటీ ఏర్పడ్డాక దానికి అప్పగించాలి. లెక్క అడగడం మీ హక్కు.

డెవలప్‌మెంట్ చార్జి ఏమిటని అడిగితే గుమాస్తా "అందరూ ఇస్తున్నారు" అన్నాడు. అది జవాబు కాదు. ఒప్పందం ముసాయిదాలో ఆ మాటే లేదు. ఒప్పందంలో లేనిది ఇవ్వనక్కరలేదు.

పార్కింగు సంగతి మరీ విచిత్రం. మనవాడికి ఉన్నది ఒక పాత సైకిలు. ఆ లక్ష దేనికని చూస్తే, కాంపౌండులో గీతలు గీసిన ఖాళీ జాగాకు. ఖాళీ జాగాను, స్తంభాల మధ్య జాగాను పార్కింగు పేరుతో విడిగా అమ్మే హక్కు బిల్డర్‌కు లేదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు కూడా మన ముంబయిదే. మూసి కట్టిన గ్యారేజీ సంగతి వేరు. గీతలు గీసిన నేల అందరిదీ, అంటే సొసైటీది.

ఇప్పుడు కూడండి. కాగితం మీద అడిగినది 6,20,000. భార్య పేరు మీద రాస్తే 30,000, బీమా 60,000, డెవలప్‌మెంట్ 50,000, పార్కింగు 1,00,000, మొత్తం 2,40,000 తీసేయవచ్చు. మిగిలేది 3,80,000. అదైనా ఒక్కరోజున అడగరు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఒప్పందం రోజున, జి.ఎస్.టి. కిస్తీలతో పాటు, బిల్డర్ ఖర్చులు తాళాలు ఇచ్చేటప్పుడు. తేదీల వారీగా రాసుకుంటే గుండె కాస్త కుదుటపడుతుంది.

మనవాడి చేత రాతపూర్వకంగా అడిగించాం. పార్కింగు తీసేశారు. డెవలప్‌మెంట్ మీద ఇంకా నోరు విప్పలేదు. విప్పేదాకా సంతకం పెట్టవద్దన్నాం. ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు రెరా చట్టం ప్రకారం లేదు గనుక, ఇప్పటిదాకా ఇచ్చిన లక్ష తప్ప మనవాడిది ఏదీ ఇరుక్కోలేదు.

పాత ఫ్లాటు కొనేవారికి

తయారు బిల్డింగులో పాత ఫ్లాటు కొంటే జి.ఎస్.టి. ఉండదు గాని వేరే ఖర్చులు ఉంటాయి. ఏజెంటు దలాలీ ఎంతో ముందే మాట్లాడుకోవాలి. పాత యజమాని కట్టని ఇంటిపన్ను, సొసైటీ బకాయి, కరెంటు బిల్లు మీ నెత్తిన పడకుండా బకాయి లేదన్న కాగితం తీసుకోవాలి. మొదటి కొనుగోలు నుంచి ఇప్పటిదాకా ఉన్న అసలు ఒప్పందాలన్నీ, షేర్ సర్టిఫికెట్టు చేతికి రావాలి.

సొసైటీ పేరు మార్పు విషయంలో నా సొంత అనుభవం చెబుతాను. 2009లో నేను ఒక పాత ఫ్లాటు కొన్నప్పుడు సొసైటీ కమిటీవారు "డొనేషన్" అని 60,000 అడిగారు. ఊరికి కొత్తవాణ్ణి కాను, యూనియన్ మనిషిని, అయినా నోరెత్తకుండా కట్టాను. ఇరుగుపొరుగుతో మొదటిరోజే తగువెందుకని. మునిసిపల్ కార్పొరేషన్ ప్రాంతంలో బదిలీ ప్రీమియం 25,000 మించి తీసుకోకూడదని, డొనేషన్ పేరుతో బలవంతం చేయకూడదని సర్కారు 2001లోనే ఉత్తర్వు ఇచ్చిందని ఆ తర్వాత తెలిసింది. అడిగే నోరు ఉండి తెలియక పోగొట్టుకున్న 35,000 అది. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. మీకు ఉండకూడదు.

చవక ఒప్పందం అన్నిటికంటే ఖరీదు

ఈ ఖర్చులు చూసి బెదిరి కొందరు అడ్డదారి పడతారు. అయిదువందల స్టాంపు కాగితం మీద నోటరీ చేయించి "ఫ్లాటు మాదే" అంటారు. నోటరీ ముద్రతో ఇల్లు మీది కాదు. రిజిస్టరు కాని ఒప్పందంతో బ్యాంకు లోను రాదు, సొసైటీ పేరు మార్చదు, రేపు అదే ఫ్లాటు ఇంకొకరికి అమ్మితే మీ దగ్గర ఉన్నది చెత్తకాగితం.

అంతకంటే ఘోరం, బిల్డింగే అక్రమం కావడం. కల్యాణ్ డోంబివిలీ ప్రాంతంలో దొంగ అనుమతి పత్రాలతో రెరా నంబరు సంపాదించి కట్టిన 65 బిల్డింగులను కూల్చమని 2024 నవంబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. అక్కడ కొన్నవారిలో అనేకమంది స్టాంపు డ్యూటీ కట్టి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, రెరా నంబరు చూసుకుని, బ్యాంకు లోను తీసుకున్న మనబోటివాళ్లే. కాబట్టి రెరా నంబరు చూడటంతో ఆగకండి. బిల్డింగు అనుమతి పత్రం నకలు తీసుకుని కార్పొరేషన్ ఆఫీసుకే వెళ్లి, అది వాళ్లు ఇచ్చిందేనా అని అడగండి. మీ సొంత వకీలు చేత ముప్పై ఏళ్ల సెర్చి చేయించండి. బిల్డర్ చూపించిన వకీలు బిల్డర్ మనిషే. నాలుగైదు వేల ఫీజు దగ్గర పిసినారితనం చేసి ముప్పై లక్షలు పోగొట్టుకోవద్దు. అన్ని ఖర్చులలోకీ మనకు పనికొచ్చే ఖర్చు అదొక్కటే.

చేతిలో ఎంత ఉండాలి?

మనవాడి లెక్కే అందరికీ కొలబద్ద అనుకోండి. న్యాయమైన ఖర్చులే 3,80,000, అంటే ధరలో నూటికి పదమూడు. బ్యాంకు ఇవ్వని ఇరవై శాతం దానికి కలిపితే ముప్పై మూడు. అంటే ఇంటి ధరలో మూడోవంతు చేతిలో ఉంటేనే వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కకుండా గృహప్రవేశం చేయగలం. ఆరు లక్షలు ఉన్నవాడు చూడవలసింది పద్దెనిమిది లక్షల ఇల్లు, ముప్పై లక్షలది కాదు. ఇది చేదు మాటే. బుక్ చేయకముందే తెలిస్తే మందు, తర్వాత తెలిస్తే విషం.

సాయం దొరికే చోట్లు రెండున్నాయి. పి.ఎఫ్. ఉన్నవారు ఇల్లు కొనడానికి అందులోంచి తీసుకోవచ్చు, తిరిగి కట్టనక్కరలేదు. ఎంత, ఎన్నేళ్ల సర్వీసుకు అన్నది పి.ఎఫ్. ఆఫీసులో కనుక్కుని ముందే దరఖాస్తు పెట్టండి. రెండోది, 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశ. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి, 35 లక్షల లోపు ఇంటికి, 25 లక్షల లోపు లోనుకు మొత్తం 1,80,000 దాకా వడ్డీ రాయితీ అయిదు వాయిదాల్లో వస్తుంది. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఊళ్లో మీ పేరు మీద స్లాబు ఇల్లు ఉంటే దాచి సంతకం పెట్టవద్దు, తర్వాత చిక్కుల్లో పడతారు.

మన డిమాండ్లు

తెలివిగా కొనమని సలహా ఇచ్చి ఊరుకుంటే అది యూనియన్ పని కాదు. మనం అడగవలసినవి ఉన్నాయి.

ఒకటి, బిల్డర్ బోర్డు మీద వేసే ధర తాళంచెవి ధర కావాలి. పన్నులు, అన్ని చార్జీలు కలిపి ఒకే అంకె. కిలో బియ్యం కొంటే సంచి ధర విడిగా, తూకం ధర విడిగా చెబితే ఊరుకుంటామా?

రెండు, కార్మిక కుటుంబం కొనే మొదటి ఇంటికి స్టాంపు డ్యూటీ తగ్గించాలి. జీవితంలో ఒక్కసారి తల దాచుకోవడానికి కొనేవాడి దగ్గర, పదో ఫ్లాటు పెట్టుబడికి కొనేవాడి దగ్గర ఒకటే శాతం తీసుకోవడం సమానత్వం కాదు.

మూడు, ఆ పది లక్షల హద్దును ఇప్పటి ధరలకు తగ్గట్టు పెంచాలి. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు లోనులో కలిస్తే వడ్డీవ్యాపారి కడుపు కొట్టినట్టవుతుంది. మన కిస్తీ కొంచెం పెరుగుతుంది, నిజమే. అయినా నెలకు నూటికి మూడు రూపాయల కంటే అది వెయ్యిరెట్లు నయం.

నాలుగు, సాంచాల మీద పనిచేసే ప్రతి కార్మికుడికి పి.ఎఫ్. ఖాతా ఉండాలి. అది లేకపోవడం వల్లే మనవాడు గొలుసు కుదువబెట్టాడు.

ఇకమీదట ప్రతి ఆదివారం పొద్దున పది గంటల నుంచి ఒంటిగంట దాకా యూనియన్ ఆఫీసులో కూర్చుంటాం. ఇల్లు కొనాలనుకునేవారు బిల్డర్ ఇచ్చిన ఖర్చుల కాగితం, ఒప్పందం ముసాయిదా తీసుకురండి. సంతకం పెట్టాక కాదు, పెట్టకముందు రండి. ఇంటామెను కూడా వెంటబెట్టుకుని రండి. చాలాసార్లు మనకంటే ఆమెకే లెక్క బాగా తెలుసు.

మనవాడి సంగతి అడుగుతారేమో. మూడు లక్షల ఎనభై వేలు అతనికి ఇంకా పెద్ద కొండే. ఈ ఫ్లాటే తీసుకోవాలా, చిన్నది చూడాలా అని ఆలుమగలు ఆలోచిస్తున్నారు. ఏది చేసినా ఇప్పుడు కళ్లు తెరిచి చేస్తారు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

ఇట్లు
మీ కార్యదర్శి